వెండితెర మీద ఎండ

"ఇదుగో, ఇక్కడ. కళ్ళు పెద్దవి చేసుకుని మరీ చూడు డిటెక్టివ్" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాఘవయ్య, లాఠీ కొనతో టీవీని చూపిస్తూ.

మాచర్ల పోలీస్ స్టేషన్లో ఆయన బల్ల మీదుండాల్సిన ఫైళ్ళన్నీ నేలకి దిగిపోయి, వాటి స్థానంలో ఒక కలర్ టీవీ, పక్కన ఒక వీడియో ప్లేయరు కొలువుతీరాయి. టీవీలో కొత్త సినిమా ఆడుతోంది. హాళ్ళ ముందు జనం ఇంకా టిక్కెట్ల కోసం చొక్కాలు చించుకుంటూనే ఉన్నారు, ఈలోగానే పల్నాడంతా దాని దొంగ క్యాసెట్లు దిగిపోయాయి. ఎనభై ఆరు వేసవిలో వీడియో సెంటర్లకి అదే పండగ. ఎవరో హాల్లో కూర్చుని, వీడియో కెమెరాతో తెరనంతా తీసి అమ్మేశారు. బొమ్మ కాస్త పక్కకి ఒరిగింది. ఈలలూ దగ్గులూ సోడా కొట్టిన చప్పుడూ అన్నీ అందులో పడ్డాయి.

ఆఖరి ఫైటు మొదలైంది. హీరో విలన్ కాలర్ పట్టుకున్నాడు. హాల్లో ఎక్కడో కరెంటు గంట రెండుసార్లు గణగణమంది. మరుక్షణం తెర అంచు మీద నిలువునా ఎండ పట్టీ ఒకటి పడింది. విలన్ మొహం సగం కనపడకుండా పోయింది.

"ఆపు" అన్నాడు రాఘవయ్య. బొమ్మ ఆగింది.

"మ్యాట్నీ క్లైమాక్సులో గంట కొట్టి, ఆడోళ్ళ గేటు ముందే తీసే హాలు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మెహతాబ్ టాకీస్. కంప్లయింటులో అంతా రాసుంది. ఆ గంట నొక్కేది ఆపరేటర్ జాన్ సాహెబ్. ఆయనకి తెలీకుండా ఆ హాల్లో కెమెరా పెట్టడం ఎవరి తరమూ కాదు. ఇంకేమన్నా కావాలా?"

గుంటూరు నుంచి మధ్యాహ్నం బస్సుకి వచ్చిన డిటెక్టివ్ ముర్తుజా ఆగిన బొమ్మ వంకే చూశాడు. రాఘవయ్యని ఏమేం అడగాలో బస్సులో పొందిగ్గా పేర్చుకుని వచ్చాడు పాపం. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికిరాదు. ఎందుకంటే ఆ గంట సంగతి, ఆ ఎండ సంగతి రాఘవయ్య కంటే అతనికే ఎక్కువ తెలుసు. అమ్మ పక్కన ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చుని చిన్నప్పుడు ఎన్ని మ్యాట్నీలు చూశాడో! సరిగ్గా ఫైటు పాకాన పడ్డప్పుడు గంట మోగేది, గేటు తెరుచుకునేది, తెర మీద ఎండ పడేది, అవతల మగవాళ్ళు "గేటెయ్యండ్రోయ్" అని అరిచేవాళ్ళు.

అసలు ఆ అలవాటు పుట్టిందే ముర్తుజా వల్ల.

అప్పుడతనికి నాలుగేళ్ళు. తల్లి జైనాబ్ బీ అతన్ని చంకనేసుకుని సినిమాకి వచ్చింది. ఆ రోజు ఆట వదిలేసరికి ఆడవాళ్ళ గేటుకి బయట తాళం పడి ఉంది. చేసేది లేక ఆడవాళ్ళంతా మగవాళ్ళ తలుపువైపు మళ్ళారు. అటునుంచి మగవాళ్ళు విరుచుకుపడ్డారు. ఆ తొక్కిడిలో జైనాబ్ బీ పడిపోయింది, బిడ్డ మీద అడ్డంగా. పైన క్యాబిన్ కన్నంలోంచి చూసిన జాన్ సాహెబ్ ఇనప కడ్డీ పట్టుకుని దిగొచ్చి, తాళం బద్దలు కొట్టి, తల్లినీ బిడ్డనీ బయటికి లాగాడు. జైనాబ్ బీ కాలు విరిగింది. ఆ కుంటు ఈ రోజుకీ ఉంది. మర్నాడు జాన్ సాహెబ్ హాలు యజమాని దగ్గరికెళ్ళి, సినిమా అయిపోకముందే ఆడవాళ్ళ గేటు తీయాలి, లేదంటే వేరే ఆపరేటర్ని వెతుక్కోండి అని చెప్పేశాడు. ఆయన పట్టుదల ముందు యజమాని తలొంచాడు.

ఆ తర్వాత ముర్తుజా వాళ్ళు గుంటూరు వెళ్ళిపోయినా, ప్రతి రంజానుకీ జైనాబ్ బీ వండే షీర్ ఖుర్మాలో మొదటి గిన్నె మాచర్ల బస్సెక్కుతుంది. అది జాన్ సాహెబ్‌కి చేరిందని కబురొచ్చేదాకా ఆమె చెంచా ముట్టదు. అలాంటి మనిషిని నిన్న సాయంత్రం పోలీసులు పట్టుకుపోయారని, ఆడవాళ్ళ గేటు దగ్గరుండే ఖాతూన్ బీ బస్సు కండక్టర్ చేత కబురంపింది. ముర్తుజా చేతిలో ఉన్న కేసులన్నీ అటకెక్కించి వచ్చేశాడు.

ఇప్పుడు చూస్తే, ఏ మంచి పనికి అతను బతికినంత కాలం రుణపడి ఉన్నాడో ఆ పనే ఆయన మెడకి చుట్టుకుంది.

"ఇంతకీ నీ క్లయింటు ఎవరు? ఫీజెవరిస్తన్నారు?" అన్నాడు రాఘవయ్య. నిరుడు నరసరావుపేటలో తను మూసేసిన దొంగతనం కేసుని ముర్తుజా మళ్ళీ తెరిపించి, అసలు దొంగని పట్టిచ్చాడు. అది పేపర్లో కూడా పడింది. ఆ మంట ఆయన కడుపులో ఇంకా చల్లారలేదు.

"నాకు నాలుగేళ్ళప్పుడే ముట్టింది సార్" అన్నాడు ముర్తుజా. "ఆ ముక్క మళ్ళీ ఒక్కసారి వెయ్యమంటారా?"

వీడియో ప్లేయరు దగ్గర కూర్చున్న మనిషి మీట నొక్కాడు. టేపు గిర్రున వెనక్కి తిరిగి, సరిగ్గా హీరో చెయ్యి ఎత్తిన చోట ఆగింది. వెతుక్కోవడాలూ తడుముకోవడాలూ లేవు. అతను నడికుడిలో వీడియో సెంటర్ నడిపే వీరబ్రహ్మం.

"బాగా అలవాటైనట్టుందే" అన్నాడు ముర్తుజా.

"సీఐ గారికి వేసి వేసి చేతికొచ్చేసిందండి" అని నవ్వాడు వీరబ్రహ్మం.

"ఈ దొంగ క్యాసెట్టు అమ్మకానికొస్తే తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు" అన్నాడు రాఘవయ్య. "టీవీ కూడా అతందే. మా మరదలి పెళ్ళికి వీడియో తీసింది కూడా ఇతనే. బంగారంలాంటి మనిషి."

ముర్తుజా టీవీ దగ్గరికి జరిగాడు. ఎండ పట్టీలో తెల్లటి నలుసులు తేలుతున్నాయి. "ఇవేంటి?"

"టేపు పాతదండి. హెడ్డు శుభ్రం చెయ్యాలి" అన్నాడు వీరబ్రహ్మం చటుక్కున.

టేపు మురికిదైతే నలుసులు బొమ్మంతా ఉండాలి. ఇవి ఎండలోనే ఉన్నాయి, మెల్లగా పైకి లేస్తున్నాయి. ముర్తుజా ఆ మాట పైకి అనకుండా, గోడవార కుర్చీలో కూర్చున్న మూడో మనిషి వైపు తిరిగాడు. కంప్లయింటు ఇచ్చింది ఆయనే. పేరు యల్లమంద. ఫిల్ము పెట్టెతో పాటు ఊరూరా తిరుగుతూ, హాలువాళ్ళు టిక్కెట్లు దాచకుండా కాపలా కాసే డిస్ట్రిబ్యూటర్ మనిషి. వాళ్ళని రిప్రజెంటేటివ్ అంటారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, సిల్కు చొక్కా, వేళ్ళకి ఉంగరాలు.

"ఈ హాలు మీకు కొత్తా?"

"కొత్తేందండీ? కుర్రతనంలో దాని గేటు కాడ పనిచేసినోణ్ణే. తర్వాత బుకింగులో కూర్చున్నా. జాన్ సాయిబు నాకు గురువులాంటోడు. ఆయన మీద చెప్పాల్సి రావడం నా ఖర్మ."

"మానేసి చాలా రోజులైందా?"

"చానా యేళ్ళైంది. మళ్ళీ ఈ సెంటరుకి పెట్టె తేవడం ఇదే."

"ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"చిలకలూరిపేట నుంచి."

"ఇక్కడ ఆటలన్నీ చూస్తున్నారా?"

"చూడకపోతే నా ఉజ్జోగం ఉంటదా? ప్రతి ఆటా శుభం పడేదాకా కుర్చీ క్లాసులోనే ఉంటా. మ్యాట్నీలో గంట నా చెవుల్తో విన్నా. ఎండ నా కళ్ళతో చూశా."

"అయిపోయిందా?" అన్నాడు రాఘవయ్య. "ఆడోళ్ళ గేటు ముందే తీస్తావా అంటే, తీస్తానని జాన్ సాహెబే ఒప్పుకున్నాడు. ఇవాళ మ్యాట్నీ వదిలేలోపు కాయితాలు తయారవుతాయి. జీపెక్కించి గురజాల మేజిస్ట్రేటు దగ్గరికి పంపిస్తా."

"ఆయనకి ఈ క్యాసెట్టు చూపించారా?"

"ముద్దాయికి బొమ్మేసి చూపించడానికి ఇదేమన్నా సినిమా హాలా?"

బల్ల మీది టీవీ వంకా, దాని చుట్టూ వేసిన కుర్చీల వంకా చూశాడు ముర్తుజా. "ఒక్కసారి ఆయన్ని చూసి వెళ్తాను."

"చూడు. కేసు గురించి ఒక్క మాటెత్తినా బయటికి గెంటిస్తా. కానిస్టేబుల్ పక్కనే ఉంటాడు."

లాకప్ ఊచల వెనక గోడకానుకుని కూర్చున్న జాన్ సాహెబ్‌ని చూసి ముర్తుజాకి కళ్ళు చెమర్చాయి. ఎప్పుడూ ఇస్త్రీ పైజమాలో ఉండే మనిషి నిన్నటి బట్టల్లో నలిగిపోయి ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఆయన మాత్రం తన సంగతి పక్కన పెట్టేసి లేచి వచ్చి, ఊచల్లోంచి చెయ్యి చాపి ముర్తుజా తల నిమిరాడు.

"అమ్మ కాలెట్టా ఉంది బేటా? మెట్లెక్కుతందా?"

"ఎక్కుతోంది మామూ."

"నువ్వు అన్నం తిన్నావా? బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చుంటావు."

ముర్తుజా తలూపాడు. అడగాల్సినవి వంద ఉన్నాయి. కానిస్టేబుల్ చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"ఒక పని చేసిపెట్టు" అన్నాడు జాన్ సాహెబ్. "ఖాతూన్‌కి చెప్పు. ఇవాళ మ్యాట్నీ మా అసిస్టెంటు ఆడిస్తన్నాడు. వాడు చానా మతిమరుపు మనిషి. ఫైటు మొదలయ్యాక బల్బు వెలగకపోయినా సరే, ఆమెనే గేటు తీసెయ్యమను. పిల్లల తల్లులు ఇబ్బంది పడతారు."

కానిస్టేబుల్‌కి అందులో కేసు వాసనేమీ తగల్లేదు. ముర్తుజా మాత్రం రెండడుగులు వేసి ఆగిపోయాడు. బల్బా? గంట కదా!

మెహతాబ్ టాకీస్‌కి వెళ్ళేసరికి మ్యాట్నీ మొదలైంది. ఆడవాళ్ళ గేటు లోపలివైపు స్టూలు మీద కూర్చుని ఖాతూన్ బీ విసనకర్రతో విసురుకుంటోంది. ముర్తుజాని చూడగానే బుగ్గలు రెండూ నిమిరి మెటికలు విరిచింది.

"వచ్చావా నా తండ్రీ. జైనాబ్ కడుపు చల్లగుండ. ఏమన్నాడు ఆ సీఐ?"

"అది తర్వాత ఖాలా. మామూ ఒక మాట చెప్పమన్నాడు. బల్బు వెలగకపోయినా గేటు తీసెయ్యమన్నాడు."

"లాకప్‌లో కూర్చుని కూడా అదేనా ఆయన గోల!" అంది ఖాతూన్ బీ. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గేటు మీదున్న ఎర్ర బల్బుని చూపించింది. చింతపిక్కకంటే కాస్త పెద్దది, అంతే. "పైన క్యాబిన్లో మీట నొక్కితే ఇది వెలుగుద్ది."

"గంట ఏమైంది?"

"గంటనా? అది పోయి ఎన్నాళ్ళైందని! చంటిపిల్లల్ని అతికష్టమ్మీద నిద్రపుచ్చుకుంటారా, ఆ గంట కొట్టడం, అందరూ ఒక్కసారే లేచి రాగం తియ్యడం. నా మనవరాలు గుల్షన్ చంటిదప్పుడు నేనే పోట్లాడి తీయించా. అదిప్పుడు బడికి పోతంది."

ముర్తుజా గేటు వైపు తిరిగాడు. "ఖాలా, మరి ఎండ? గేటు తీస్తే తెర మీద ఎండ పడుతుంది కదా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత లేచి గేటు గడియ తీసి బార్లా తెరిచింది. "చూడు" అంది.

తెర మీద హీరోయిన్ పాట పాడుతూనే ఉంది. చీకటి చీకటిగానే ఉంది. ముర్తుజా గేటు దాటి తల ఎత్తాడు. ఎదురుగా నిలువెత్తు నాపరాతి గోడ. ఎడమకి తిరిగి, దాని వెంటే నడిచి, మళ్ళీ కుడికి తిరిగితే గానీ రోడ్డు రాదు. పైన రేకులు కప్పారు. నట్టెండలో కూడా ఆ సందు సాయంత్రంలా ఉంది.

"గంట తీసినప్పుడే ఈ గోడ కూడా కట్టించాడు జాన్ భాయ్" అంది ఖాతూన్ బీ వెనకనుంచి. "ఎండ పడతందని మగోళ్ళ గోల. గేటు తీయగానే రోడ్డు మీద కుర్రకుంకలు నిలబడి తొంగిచూస్తన్నారని మా ఘోషావాళ్ళ గోల. గోపాలకృష్ణయ్య గారు హాలు కొన్న కొత్తల్లో ఆయన చుట్టూ తిరిగి తిరిగి కట్టించాడు. ఈ ఊళ్ళో ఏ ఆడదాన్నడిగినా జాన్ భాయ్ పేరు చెప్పి దణ్ణం పెడుద్ది బేటా."

ముర్తుజా ఆ గోడకి అరచెయ్యి ఆనించాడు. నాపరాయి చల్లగా తగిలింది. ముప్పై ఏళ్ళ కింద తనని బతికించిన మనిషి, ఈ గోడ కట్టించి తెలియకుండానే తన్ను తానే బతికించుకున్నాడు. అల్లాకి మనసులోనే సలాం చేసుకున్నాడు.

ఆ వెంటనే అతనిలోని డిటెక్టివ్ మేలుకున్నాడు. దొంగ క్యాసెట్టులో గంట మోగింది, ఎండ పడింది. అంటే దాన్ని తీసినవాడికి పాత మెహతాబ్ తెలుసు, ఇప్పటి మెహతాబ్ తెలియదు. వేరే హాల్లో తీసి, ఇక్కడ తీసినట్టు నమ్మించడానికి కావాలని గంట కొట్టించాడు, తలుపు తీయించాడు.

"ఖాలా, ఆ రిప్రజెంటేటివ్ యల్లమంద రోజూ ఆట చూస్తున్నాడా?"

"వాడా! ఆట మొదలవగానే లాడ్జీకి పోయి పడుకుంటాడు. ఈ వారంలో లోపలికి తొంగిచూసిన పాపాన పోలా."

ముర్తుజా మేనేజర్ గదిలోకెళ్ళి స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

"సార్, మీ సాక్ష్యం మీ కళ్ళతో మీరే చూసుకోండి. యల్లమంద గారిని వెంటబెట్టుకుని రండి. ఇవాళ క్లైమాక్సులో తెర మీద ఎండ పడితే, జాన్ సాహెబ్‌ని నేనే జీపెక్కిస్తా. గుంటూరులో నా బోర్డు కూడా పీకేస్తా."

ఆ చివరి మాట రాఘవయ్యకి అమృతంలా వినిపించి ఉండాలి. "వస్తన్నా" అన్నాడు. ఫోను పెట్టేసేముందు "వీరబ్రహ్మం, టీవీ సర్దెయ్. క్యాసెట్లు జాగ్రత్త" అని చెప్పడం ఇటు వినిపించింది.

వాళ్ళు వచ్చేసరికి ఆఖరి రీలు నడుస్తోంది. కుర్చీ క్లాసులో మధ్యన రాఘవయ్య, అటూ ఇటూ ముర్తుజా, యల్లమంద కూర్చున్నారు. ఆడవాళ్ళ బెంచీలకీ మగవాళ్ళకీ మధ్య మనిషెత్తు అడ్డగోడ ఉంది.

"యల్లమంద గారూ, గంట ఎప్పుడు కొడతారండీ?" అని అడిగాడు ముర్తుజా, అతి వినయంగా.

"కాలర్ పట్టుకోగానే."

"ఎండ ఎటు పడుతుంది?"

"అదుగో, ఆ అంచున."

హీరో విలన్ కాలర్ పట్టుకున్నాడు. నేల క్లాసులో ఈలలు మిన్నుముట్టాయి. గంట మోగలేదు. విలన్ పెంకుటింటి మీంచి కిందపడ్డాడు. గంట మోగలేదు. రాఘవయ్య కుర్చీలో ముందుకి జరిగాడు.

అప్పుడే అడ్డగోడ అవతల చిన్న అలికిడి. గాజుల చప్పుడు, చెప్పులు ఈడుస్తున్న చప్పుడు, "లేవే, చెయ్యి పట్టుకో" అన్న గుసగుస. తెర మీద చీకట్లో హీరో మొహం స్పష్టంగా, నిండుగా మెరుస్తోంది.

"ఏందా చప్పుడు?" అన్నాడు రాఘవయ్య.

"ఆడవాళ్ళు వెళ్ళిపోతున్నారు సార్. గేటు తీసేశారు. సగం మంది రోడ్డెక్కేసి ఉంటారు."

"మరి ఎండ?"

"ఇక్కడ ఎండ పడక చాలా ఏళ్ళైంది. గంట కొట్టక కూడా. మీ క్యాసెట్టులో పడ్డది చిలకలూరిపేట ఎండ. అందులో తేలే నలుసులు చూశారా? అది దూది పింజ. అక్కడి హాలు పక్కన పత్తి జిన్నింగు మిల్లుంది, తలుపు తీస్తే ఎండతో పాటు అది కూడా లోపలికొస్తుంది. మన మాచర్లలో అయితే నాపరాతి దుమ్ము రావాలి. పెట్టె ఇక్కడికి రాకముందే అక్కడ సినిమా తీసేశారు. క్యాసెట్టు బయటపడితే ముందు అనుమానం పెట్టె వెంట తిరిగేవాడి మీదికే వస్తుంది. అందుకని దానికి మెహతాబ్ ముద్ర వేశారు. రోజూ శుభం దాకా ఇక్కడే కూర్చుని, గంట చెవుల్తో విన్న పెద్దమనిషి..."

ఇద్దరూ ఒకేసారి పక్కకి తిరిగారు. యల్లమంద కుర్చీ ఖాళీగా ఉంది.

తెర పక్కన అడ్డగోడకున్న చిన్న తలుపు ఊగుతోంది. రాఘవయ్య పిస్తోలు మీద చెయ్యేసి లేచాడు.

"కంగారు పడకండి సార్" అన్నాడు ముర్తుజా. "గేటు దాటితే రోడ్డేననుకుని పరిగెత్తాడు. అక్కడ గోడుందని ఆయనకి తెలీదు."

ఆ మాట పూర్తయ్యేలోపే అవతల ధబ్బుమని చప్పుడైంది. ఆ వెనకే ఖాతూన్ బీ కేక: "ఎవడ్రా ఆడోళ్ళ సందులోకొచ్చింది! ఒసే, పట్టుకోండే!"

రాఘవయ్య చేరేసరికి, నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పితో గోడవార కూలబడ్డ యల్లమంద చుట్టూ బురఖాలూ చీరకొంగులూ కోటగోడలా నిలబడి ఉన్నాయి. ఖాతూన్ బీ విసనకర్ర పిడి విరిగేదాకా వాయించింది. ఆ దృశ్యం చూసి పాపం సీఐ గారికి ఏ సెక్షన్ రాయాలో కాసేపు పాలుపోలేదు.

స్టేషన్‌కి తిరిగొచ్చాక లాకప్‌లోంచి ఒకరు బయటికొచ్చారు, ఒకరు లోపలికెళ్ళారు. రాఘవయ్య జాన్ సాహెబ్ మొహం చూడకుండా "పొరపాటైంది, వెళ్ళొచ్చు" అని గొణిగాడు. ముర్తుజా వంక చూసి మీసం సవరించుకున్నాడు. ఆయన దగ్గర అది థాంక్స్ కిందే లెక్క.

యల్లమంద మాత్రం సగమే చెప్పాడు. తలుపు తీయించింది, గంట కొట్టించింది తనేనని ఒప్పుకున్నాడు. కెమెరా ఎవరిదంటే తల దించుకున్నాడు. "చెప్తే నన్ను బతకనియ్యడు" అన్నాడు.

జాన్ సాహెబ్ ఇంటికి కదల్లేదు. ఊచల దగ్గరకెళ్ళి యల్లమంద నుదుటి మీది బొప్పిని చూసి, కానిస్టేబుల్ని తడిగుడ్డ అడిగాడు.

ముర్తుజాకి ఒళ్ళు మండింది. "మామూ! వీడు నిన్ను జైలుకి పంపబోయాడు. నువ్వేమో సేవలు చేస్తున్నావు!"

"కూర్చో బేటా" అన్నాడు జాన్ సాహెబ్. వసారా బల్ల మీద పక్కన చోటు చూపించాడు. "ఇన్నేళ్ళూ నీకు చెప్పని మాటొకటుంది. ఆ రోజు ఆడోళ్ళ గేటుకి తాళమేసింది వీడే."

ముర్తుజా ఊచల వైపు తిరిగాడు.

"టిక్కెట్టు లేనోళ్ళు దూరతన్నారని తాళమేసి, మగోళ్ళవైపు చేరి సినిమా చూస్తా కూర్చున్నాడు. కుర్రతనం. తొక్కిడి చూసి వణికిపోయి నా కాళ్ళ మీద పడ్డాడు. పోలీసులొచ్చి తాళమెవరేశారని అడిగారు. నేను చెప్పలా."

"ఎందుకు చెప్పలేదు? అమ్మ కాలు..."

"చెబుదామనే ఆస్పత్రికి పోయి మీ అమ్మనడిగా. కాలికి పిండికట్టు, నువ్వు ఆమె పక్కలో నిద్రపోతన్నావు. ఆమె ఏమన్నదో తెలుసా? నా బిడ్డ నా పక్కనున్నాడు జాన్ భాయ్, నాకదే చాలు, ఇంకో తల్లి బిడ్డని జైలుకి పంపించొద్దు అంది. అల్లాకి శుక్రియా చెప్పుకోవడం ఇట్టా కూడా ఉంటదని నాకు ఆ రోజు తెలిసింది. అందుకే ఆ పక్క రోజునుంచి గేటు ముందే తీయించా. నాకు చేతనైంది అది."

ముర్తుజా బల్ల మీద కూర్చున్నాడు. కుంటుకుంటూ వంటింట్లోకీ వసారాలోకీ తిరిగే అమ్మ కళ్ళముందు మెదిలింది. మొదటి గిన్నె పక్కన పెట్టి, కబురు వచ్చేదాకా చెంచా ముట్టని అమ్మ. ఆమె ఈ ఒక్క మాట కొడుక్కి కూడా చెప్పలేదు. అతనికి ఆమె మీద కొండంత గౌరవం, దాని వెనకే ఏడుపూ ముంచుకొచ్చాయి. జాన్ సాహెబ్ చెయ్యి అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

లాకప్‌లోంచి ఎవరో వెక్కుతున్న చప్పుడు వినిపించింది. యల్లమంద ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తడిగుడ్డ చేతిలోనే ఉంది.

"ఆ తల్లి అట్టా అన్నదని నాకెవరూ చెప్పలా సాయిబూ. నువ్వు జాలిపడి వదిలేశావనుకున్నా. ఆ జాలి తలుచుకున్నప్పుడల్లా నీ మీద కడుపుమంటే వచ్చేది." గట్టిగా ముక్కు చీదాడు. "సీఐ గారూ, చెప్తా. కెమెరా వీరబ్రహ్మంది. తీసిందీ వాడే. ఊరూరా క్యాసెట్లు పోసేది కూడా వాడే. తన పేరు చెప్తే చంపుతానని కత్తి చూపించాడండీ."

రాఘవయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక్క ఉదుటున తన గదిలోకి దూకాడు. ముర్తుజా వెనకే పరిగెత్తాడు. బల్ల మీద ఫైళ్ళు బుద్ధిగా మళ్ళీ పేర్చి ఉన్నాయి. టీవీ లేదు. ప్లేయరు లేదు. సాక్ష్యం కింద దాచిన దొంగ క్యాసెట్లు ఒక్కటీ లేవు.

"ఏవిరా అవి?" అని అరిచాడు రాఘవయ్య.

"క్యాసెట్లు జాగ్రత్త అన్నారు గదా సార్" అన్నాడు కానిస్టేబుల్ బిక్కచచ్చిపోయి. "జాగ్రత్త చేస్తానని వీరబ్రహ్మం గారు జట్కాలో వేసుకుపోయారు. రాత్రికి నడికుడిలో గుంటూరు బండెక్కాలన్నారు."

సీఐ ముర్తుజా వంక చూశాడు. ఈసారి ఆ చూపులో లాఠీ లేదు. "వస్తావా?" అన్నాడు పొడిగా.

"జీపు తీయించండి."

ఇంజను గుర్రుమంది. ముర్తుజా ఎక్కబోతుంటే వసారా మెట్లు దిగి జాన్ సాహెబ్ గబగబా వచ్చాడు. అతని భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరికి వంగాడు.

"వాడి కాడ కత్తుందంట బేటా. ఏ ఇంట్లోకి పోయినా, ముందు బయటికొచ్చే గేటు తీసుందో లేదో చూసుకుని అడుగు పెట్టు."